నడవ లేని వీథి



గత మాసమున ఈ శీర్షిక క్రింద వంటయింటి పొగను గూర్చియు, దానిని వెలికి పంపు మార్గములను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున గడప దాటి వీథిలోనికి పోవుదము. "వీథి సంగతి మునిసిపాలిటీవారిది, మనకేల?" యని యెవరైన నడుగవచ్చును. దినమునకు రెండుమూడు మారులైన ఆ వీథిని నడువక తప్పనివారము మనమే కావున ఆ సంగతి మనది కాకపోదు.

పాత ఇండ్లలో నడవ యను భాగమొకటి యుండును. వీథి వాకిలినుండి పెరటివఱకు పోవు ఆ త్రోవ పేరే దాని పనిని చెప్పుచున్నది. ఇల్లాలు దానిని ఖాళీగ నుంచును. బియ్యపు బస్తా వచ్చినచో కొట్టుగదిలోనికి పోవలసినదే. వేసవి రాత్రి నడవలోనికి వచ్చిన మంచము తెల్లవాఱగనే గోడకు చేరవలసినదే. చీకటిలో పెద్దవారు లేచి నడతురు, పసివారు పరుగెత్తుదురు, చేత వేడి గిన్నె పట్టుకొని మనము పోవుదుము. అందుచేత నడవలో అడ్డు పెట్టిన వస్తువును ఎవరును చెప్పకయే తీసివేయుట మన యిండ్ల మర్యాద. ఊరికిని అట్టి నడవ యొకటి యుండవలెను. దానినే కాలిబాట యందురు. మన పాతపేటలలో కొన్నిచోట్ల ఆ నడవ లేనే లేదు. ఉన్నచోట నది కొట్టుగదియై పోయినది.

ఇది ముఖ్యముగ స్త్రీల సంగతి యగుటకు కారణమున్నది. ఇంటిలో నొక్క బండి యున్నచో నది తఱచుగ పురుషునితో ఉద్యోగమునకు పోవును. కూరలకు, బడికి, గుడికి, మందుల కొట్టునకు, బస్సు నిలుచు చోటికి పోవలసిన యిల్లాలికి కాళ్లే వాహనములు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో పనికి పోవువారు ఏ సాధనమున పోవుచున్నారని యడిగినప్పుడు, నడచిపోవువారి పాలు పురుషులలోకంటె స్త్రీలలో హెచ్చుగ తేలినది. పైగా స్త్రీ వట్టి చేతులతో నడచుట తక్కువ. చంకలో బిడ్డయో, చేతిలో సంచియో, ప్రక్కన అత్తగారో యుండనే యుందురు. పురుషుడు దుమికి తప్పించుకొను గుంతను ఆమె దుమికి తప్పించుకొనజాలదు.

కేంద్ర రవాణాశాఖవారి లెక్క ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా మృతులైన ప్రతి ఐదుగురిలో నొకరు కాలినడకన పోవుచుండినవారు. దినమునకు సుమారు 90 మంది. వీరు తమ వేగముచేత ఒరులకు హాని చేసినవారు కారు.

ఈ లెక్కకు ఎక్కనివారు మఱికొందఱు గలరు. మా పేటలో డెబ్బది యేండ్లు దాటిన పెద్దమ్మగారొకరున్నారు. ప్రతి శనివారమును వేంకటేశ్వరుని గుడికి నడచిపోవుట ఆమెకు నలువది యేండ్ల అలవాటు. రెండేండ్ల క్రిందట మురుగుకాలువపై కప్పిన పలక యొకటి పగిలినది. ఎవరో దానిపై అట్టముక్క పఱచిరి. ఆమె దానిపై అడుగిడి పడిపోయిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగి ఎముక అతుకుకొన్నది. కఱ్ఱ సాయమున ఇంటిలో నడచుచున్నారు. కాని గుడికి మాత్రము పోవుట మానిరి. "కాలు బాగానే ఉందమ్మా, దారే బాగా లేదు" అని యనుచుందురు. ఏ బండియు తగులలేదు గనుక ప్రమాదముల పట్టికలో ఆమె లేరు. అయినను ఒక పగిలిన పలక ఆమె లోకమును గేటువఱకు కుదించినది. ఇట్టివారు ప్రతి పేటలోను ఎందఱుందురో మీరే తలపోసికొనుడు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియదనుకొనరాదు. హైదరాబాదు పాతనగరమున మదీనా కూడలినుండి చార్మినారునకు పోవు త్రోవలోని భాగమును పత్తర్‌గట్టి యందురు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, 1912లో సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు ఏర్పడినది. ఆ బోర్డువారు ఇచ్చట వీథి కిరువైపుల రాతి కమానుల వరుసలను కట్టించిరి. అంగళ్లు వెనుకకు జరిగినవి. కమానుల నీడ నడచువారికి దక్కినది. కొనవచ్చినవారికి ఎండయు, వానయు, బండియు తగులని త్రోవ యది. మోటారు బండ్లు మిక్కిలి తక్కువగ నున్న దినములలోనే అట్టి యేర్పాటు చేసిరి. నేడు ఆ నీడలోనికి అంగళ్ల సరకు ముందుకు జరిగినది. కమానుల యెదుట మోటారు సైకిళ్లు వరుసగ నిలిచినవి. నడచువారు నడవను విడిచి నడిరోడ్డున పోవుచున్నారు. కాలిబాట కట్టుట యెంతపనియో దానిని ఖాళీగ కాపాడుట అంతపని యని ఈ వీథియే చెప్పుచున్నది.

1591లో వెలసిన చార్మినారు చుట్టును మాత్రము వాహనములను నిలిపివేసి, రాతిపలకలు పఱచి, స్థలమును నడచువారికి విడిచిరి. ఈ పని తలపెట్టిన పిమ్మట పెక్కు సంవత్సరములు సాగినది. లాడ్‌బజారున గాజులు కొనుటకు వచ్చిన తల్లులు ఆ స్థలమున పిల్లల చేయి విడిచి నిలుచుట చూడవచ్చును. అయితే ఆ తల్లి అదే పాతనగరమున వెనుక సందులలో నివసించునదైనచో, ఇంటికి పోవు త్రోవలో మరల ఆ చేయి గట్టిగ పట్టుకొనవలసినదే. చూడవచ్చువారికి ఇచ్చిన సుఖమును అందుండువారికిని ఈయవలెనని మనము కోరుట న్యాయము.

చెన్నపురిలో జరిగిన మఱొక ప్రయత్నము మనవారికి ప్రీతి కలిగింపదగినది. తెలుగువాడైన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరమును, దాని నడుమ పానగల్లు రాజావారి పేరనున్న తోటను మీలో పెక్కుమంది యెఱుగుదురు. ఆ ప్రాంతమందలి పాండీబజారు పాత అంగళ్ల వీథి. చెన్నై నగరపాలక సంస్థ 2014లో నడకకును సైకిళ్లకును ప్రాధాన్యమిచ్చు విధానమొకటి యంగీకరించి, రవాణాకు వెచ్చించు ధనమున నూటికి అఱువదిపాళ్లు ఈ పనులకే యుండవలెనని నిర్ణయించుకొన్నది. ఆ త్రోవలోనే పాండీబజారున బండ్లు పోవు భాగమును తగ్గించి, కాలిబాటలను మిక్కిలి వెడల్పుచేసి, 2019 నవంబరులో ప్రారంభించిరి. రోడ్డు వెడల్పు చేయుటయనగా బండ్ల భాగమును పెంచుటయే యని తలచుచుండిన మనకు, ఉన్న వీథినే వేఱువిధముగ పంచుకొనవచ్చునని అది చూపినది.

ఇక మంచి కాలిబాట యనగా నెట్లుండవలెనో తెలిసికొందము. కొలత తెలియనిదే అడుగుటకు నోరు రాదు. 1934లో స్థాపితమైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు పాదచారుల సౌకర్యమునకై సూత్రములు వ్రాసియున్నారు. వారు 2012లో సవరించి ప్రకటించిన సూత్రముల ప్రకారము ఏ అడ్డును లేక నడచుటకు విడిచిన వెడల్పు 1.8 మీటర్లకు, అనగా సుమారు ఆఱడుగులకు, తగ్గరాదు. చక్రముల కుర్చీలు రెండు ఎదురెదురుగ వచ్చినను తప్పుకొని పోవుటకు ఆ వెడల్పు కావలెను. తలపై 2.2 మీటర్లవఱకు అంగడి బల్లలుగాని వ్రేలాడు తీగలుగాని యుండరాదు. కాలిబాట ఎత్తు రోడ్డునుండి 15 సెంటిమీటర్లకు మించరాదు. ఈ చివరి మాట చీర కట్టుకొన్నవారికి మిక్కిలి ముఖ్యమైనది. ఆ యెత్తు ఇంటి మెట్టు ఎత్తువంటిది. కొన్నిచోట్ల బండ్లు ఎక్కకుండుటకని మోకాలి యెత్తున గట్టు కట్టుదురు. దానిపైకి బండి ఎక్కునో యెక్కదో గాని, ముసలమ్మయు గర్భిణియు ఎక్కజాలరు. ఎక్కలేక రోడ్డుననే నడతురు. బండిని ఆపుటకు గట్టును లేపుట కాక, నడుమ నడుమ చిన్న రాతిస్తంభములు పాతుట మేలు.

కాలిబాటను మూడు చారలుగ ఊహించుకొనుడు. గోడకు దగ్గఱనున్న చార గేట్లు తెఱచుకొనుటకును అంగళ్లముందు నిలుచుటకును. నడిమి చార నడచుటకు మాత్రమే. రోడ్డుప్రక్క చార చెట్లకు, దీపస్తంభములకు, చెత్తడబ్బాలకు. సామాను మూడవ చారలో నుండవలసినది నడిమి చారలోనికి వచ్చుటయే మన బాధలలో సగమునకు మూలము. తక్కిన సగము ఇండ్లముందఱి వాలులచే కలుగుచున్నది. ఒక్కొక్క గృహస్థు తన బండి లోనికి ఎక్కుటకై కాలిబాటను అడ్డముగ కోసి వాలు కట్టించును. పది యిండ్లు పది వాలులు కట్టినచో నడచువారికి అది పదిమెట్లు దిగి పదిమెట్లు ఎక్కినట్లగును. ఆ వాలు రోడ్డుప్రక్క చారలోనే ముగిసి, నడిమి చార యెడతెగక సమముగ సాగవలెను. బండి యెక్కవలె గాని, నడచువారు దిగరాదు.

రోడ్డు దాటుట వేఱొక చిక్కు. దీనిని కొంచెము లెక్కవేసి చూతము. పండ్రెండు మీటర్ల వెడల్పుగల రోడ్డును సెకనుకు 1.2 మీటర్లు నడచు ఆరోగ్యవంతురాలు పది సెకనులలో దాటును. సెకనుకు 0.8 మీటరు నడచు వృద్ధురాలికి పదునైదు సెకనులు పట్టును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆ పదునైదు సెకనులలో రెండువందల మీటర్లకు పైగా వచ్చును. అనగా ఆమె అడుగు పెట్టునపుడు రెండువందల మీటర్లవఱకు రోడ్డు ఖాళీగ నుండవలెను. పాతపేటలో అంతదూరము కనబడదు, నడుమ మలుపుండును. కావున ఆమె ఎంత జాగ్రత్తగ చూచినను ఫలము లేదు. అదే రోడ్డు నడుమ నిలుచుటకు ఒక తిన్నె యుండి, బండ్ల వేగము గంటకు 30 కిలోమీటర్లకు దిగినచో, ఒక్కొక్క సగమును ఏడున్నర సెకనులలో దాటును. అప్పుడు అఱువదియైదు మీటర్ల మేర ఖాళీగ నున్న చాలును. నడచు ఆమె కాళ్లు మాఱలేదు, రోడ్డు మాఱినది. "చూచి దాటరాదా?" యని పెద్దవారిని గద్దించువారు ఈ లెక్కను ఒకసారి వేసికొనవలెను.

వేగమును గూర్చి ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పునది యేమనగా, సగటు వేగము నూటికి ఒకపాలు పెరిగినచో ప్రాణాంతక ప్రమాదముల భయము నూటికి నాలుగుపాళ్లు పెరుగును. మఱియు, కారు ముందుభాగము తగిలిన పాదచారి మరణించు భయము 50 కిలోమీటర్ల వేగమునందుకంటె 65 కిలోమీటర్ల వేగమున నాలుగున్నర రెట్లగును. కావున బడి యెదుట రోడ్డునే కాలిబాట మట్టమునకు లేపి, ఆ లేపిన భాగముపై చారలు వేయుట మంచి యుపాయము. బండి తనంతట నెమ్మదించును. పిల్లవాడు దిగక సమముగ దాటును. మెట్ల వంతెన కట్టి "దీనిపైనుండి పొండు" అనుట మోకాళ్ల నొప్పులవారికి దాటవద్దని చెప్పుటతో సమానము.

కొన్ని పాతపేటలలో సందు వెడల్పే పది పండ్రెండడుగులు. అచ్చట ఇరువైపుల కాలిబాట యెక్కడిది? అట్టిచోట ఉపాయము వేఱు. హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణమువారు ఇండ్ల సందులలో బండ్లకు వేఱుగ, మనుష్యులకు వేఱుగ త్రోవలు గీయుట మాని, వీథినంతయు నివసించువారి వాకిలిగ నెంచిరి. చెట్లును తిన్నెలును మలుపులును పెట్టి బండి నెమ్మదిగ పోక తప్పని యేర్పాటు చేసిరి. 1976లో ఆ దేశ చట్టము దీనికి స్థానమిచ్చినది. అట్టి సందులో నడచువారు వెడల్పంతయు వాడుకొనవచ్చును; బండి మనిషి నడకతో సమముగ పోవలెను. ముగ్గులు పెట్టు వాకిళ్లు, పిల్లలు ఆడు సందులు గల మనకు ఈ తలంపు క్రొత్తది కాదు. బండ్లు వచ్చి పోగొట్టినదానిని తిరిగి తెచ్చుకొనుటయే.

ఇక తోపుడుబండ్లవారి సంగతి. కాలిబాట మాట వచ్చినంతనే "ముందు ఈ కూరలవాండ్లను లేపివేయవలెను" అనువారు పలువురు. మా వీథి మలుపున ఆకుకూరలమ్ము అమ్మి యొకతె గలదు. ఆమెను లేపవలెనని కొందఱు అర్జీ వ్రాయబోగా, "నన్ను లేపేస్తే ఈ బుట్ట ఎక్కడ దించనమ్మా? మీరంతా నా దగ్గర కొనేవాళ్లే గదా!" అని యామె యడిగినది. బదులు చెప్పుట సులభము కాదు. ఆమెయు స్త్రీయే, ఆమె బిడ్డయు ఆ రోడ్డునే బడికి పోవుచున్నది. 2014లో వచ్చిన వీథివ్యాపారుల చట్టము ఇట్టివారిని ఊరక తఱుమరాదని చెప్పుచు, అమ్ముకొను స్థలములను నిర్ణయించుటకు ప్రతి పట్టణమునను ఒక సంఘము నేర్పఱుపవలెనన్నది. ఆ సంఘమున నూటికి నలువదిమందికి తగ్గక వ్యాపారులే యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. ఒక బుట్టకు కావలసినది మూడడుగుల చోటు. నిలిపియుంచిన ఒక కారు ఆక్రమించు చోటిలో అట్టి బుట్టలు అయిదాఱు పట్టును. ముందు లేవవలసినది బుట్టయో కారో ఆలోచింపుడు. ఆకుకూరలమ్మి యున్న మలుపున సాయంకాలము జనముందురు, దీపముండును. ఆడపిల్లలు నిర్భయముగ పోవుదురు. ఇది కూడ రక్షణయే.

చట్టము మన పక్షమున నున్నది. 2025 మే మాసమున సుప్రీముకోర్టువారు, అడ్డులేని కాలిబాటలపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమిచ్చు జీవనహక్కులో చేరినదని చెప్పి, వికలాంగులకును అనుకూలముగ కాలిబాటలుండునట్లు రాష్ట్రములు నియమములు చేయవలెనని యాజ్ఞాపించిరి. అయితే ఢిల్లీలో పలికిన తీర్పు మన వీథి పలకను తనంతట అతికింపదు. అడుగువారు కావలెను.

మా వీథి స్త్రీలమయిదుగురము ఒక ఆదివారము ప్రొద్దున బడినుండి బస్సు నిలుచు చోటివఱకు నడచితిమి. కుట్టుపనికి వాడు కొలతపట్టీ యొకటి, పలకయంత పుస్తకమొకటి, పెన్సిలొకటి మా సాధనములు. పగిలిన పలక, నడిమి చారలోని స్తంభము, ఎక్కువ యెత్తు గట్టు, ఇంటి వాలు, నిలిపిన బండి, దీపము లేని చోటు — వీనిలో నేది యెవరి యింటి నంబరు యెదుట నున్నదో వరుసగ వ్రాసికొని, ఛాయాచిత్రములు తీసి, పట్టికను మునిసిపాలిటీవారి కిచ్చి రసీదు పుచ్చుకొంటిమి. మూడు మాసములకు పలకలు వేసిరి. ట్రాన్స్‌ఫార్మరు మాత్రము వేఱు శాఖవారిదట. అది యట్లే యున్నది. ఒక గృహస్థు తన యింటి వాలును కుదించుకొనెను; మఱొకరు ఒప్పుకొనలేదు. ఆకుకూరలమ్మి తన బుట్టను రెండు చెట్ల నడుమకు జరిపికొన్నది. ఆఱడుగుల త్రోవ మిగిలినది. రోడ్డు దాటుచోట చారలింకను వేయలేదు గనుక పెద్దమ్మగారు గుడికి పోలేదు. అయినను సాయంకాలము కఱ్ఱ పట్టుకొని ఆకుకూరల బుట్టదాక వచ్చి, తామే యేరి తోటకూర కొనుచున్నారు.

మీ పేటలోను ఇట్లు చేయవచ్చును. బడిముందఱి త్రోవతో మొదలుపెట్టుడు, దానిని కాదనువారుండరు. మీతోకూడ ఒక వృద్ధురాలిని, వీలైనచో చూపు తక్కువైనవారిని గాని చక్రముల కుర్చీవారిని గాని తీసికొనిపొండు. మన కంటికి కనబడని యడ్డు వారి కాలికి తెలియును. సందెవేళ మఱొకమారు నడువుడు. అర్జీలో "రోడ్డు బాగుగ లేదు" అని వ్రాయక, ఏ యింటియెదుట ఎన్ని యడుగుల వెడల్పున్నదో, ఎంత కావలెనో వ్రాయుడు. 1992నాటి రాజ్యాంగ సవరణ పట్టణసభలలో మూడవవంతుకు తగ్గక స్థానములు స్త్రీలకిచ్చినది. మీ వార్డునకు స్త్రీ ప్రతినిధి యున్నచో ఆమెను కూడ నడువ పిలువుడు. వానలు పడకముందే ఈ పని చేయుట మంచిది. నీరు నిలిచిన పిమ్మట ఏ పలక యున్నదో ఏది లేదో తెలియదు.

మీ నడకలో కనుగొన్నవానిని మాకు వ్రాసినచో, వీలైనన్నింటిని ఈ పుటలలో ప్రకటింతుము. వచ్చు మాసమున త్రాగునీటి కుండల శుభ్రతను గూర్చి ముచ్చటించుకొందము.